ఇసుక ఎడారి ఏరియల్ ఫోటోలో కదలని గుర్తుల్ని పట్టుకోవడం ఎలా

పట్టణం ఏరియల్ ఫోటోని, అంటే విమానం నుంచి తీసిన ఫోటోని, మ్యాప్ మీద కూర్చోబెట్టడం పెద్ద కష్టం కాదు. నాలుగు కూడళ్లు, ఒక వంతెన మూల, ఒక ప్రహరీ మలుపు చూసుకుని, ఫోటోలోని ఈ చోటే మ్యాపులో ఆ చోటు అని జత చేసే పాయింట్లు పెట్టేస్తే అయిపోతుంది. అదే ఇసుక ఎడారి ఫోటో తెరిచి చూడండి. నిండా అలలు అలలుగా దిబ్బలు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియదు, తేడా తెలిసిన దిబ్బేమో ఇప్పటికీ అక్కడే ఉందన్న నమ్మకం లేదు. మొదటిసారి ఈ పని నెత్తినేసుకున్నప్పుడు నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే కొత్తగా దిగినవాళ్లు చాలామంది అదే చేస్తారు.

నా దగ్గరున్నది 1960ల నాటి నలుపు తెలుపు ఫోటో. అందులో నెలవంక ఆకారంలో చక్కటి దిబ్బ, కొమ్ములు రెండూ సూదుల్లా ఉన్నాయి, పక్కనే దాని పిల్లలా ఇంకో చిన్న దిబ్బ. ఇప్పటి శాటిలైట్ చిత్రంలో వెతికితే అచ్చం అలాంటి జంటే దొరికింది. కొమ్ము కొసన పాయింట్ పెట్టాను. అదే ఊపులో ఇంకో ఐదు దిబ్బల మీద కూడా పెట్టేశాను. సాఫ్ట్‌వేర్ చూపించిన ఎర్రర్ (పాయింట్లు ఒకదానితో ఒకటి ఎంత పొసగలేదో చెప్పే అంకె) చాలా తక్కువ, సంబరపడిపోయాను. తర్వాత ఎందుకో ఫోటో మూలన ఉన్న రాతి గుట్ట వైపు చూస్తే, అది ఉండాల్సిన చోటికి అర కిలోమీటరు పైగా దూరంలో కూర్చుని ఉంది. గుట్ట ఎక్కడికీ పోలేదు. నేను పాయింట్లు పెట్టిన దిబ్బలన్నీ ఇంచుమించు ఒకే సైజువి కాబట్టి ఒకే వైపు ఇంచుమించు ఒకే దూరం జరిగాయి, ఒకదానితో ఒకటి పొసిగాయి, అందుకే ఎర్రర్ తక్కువ కనిపించింది. పైగా నేను జంట అనుకున్నది ఆ పాత జంటేనా అన్నది కూడా అనుమానమే. ముందున్న దిబ్బ వెళ్లిపోయి, వెనకాలది వచ్చి ఆ చోట నిలబడి ఉండొచ్చు.

అప్పటినుంచీ నేను పాటించే పద్ధతి ఇది. ఎడారిలో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదానికీ, కదలకుండా ఉండేదానికీ సంబంధం తక్కువ. దిబ్బ కొమ్ము ఎంత జూమ్ తగ్గించినా కనిపిస్తుంది, పనికి రాదు. రెండు దిబ్బల నడుమ బూడిద రంగు మచ్చలా ఉండే రాతి పలక ఎవరి కంటా పడదు, మనకి కావాల్సింది అదే.

ముందు ఫోటో అంచులు చదవండి

ఫోటో తెరవగానే మధ్యలోకి జూమ్ చేయడం అందరికీ అలవాటు. కాసేపు ఆగండి. మ్యాపింగ్ కోసం ఫిల్ము మీద తీసిన ఏరియల్ ఫోటో సాధారణంగా 23 సెంటీమీటర్ల చదరం. దాని అంచున చిన్న గడియారం, ఎత్తు చూపే ఆల్టిమీటరు, కెమెరా వాలు చూపే నీటి బుడగ, ఫోటో నంబరు, లెన్సు ఫోకల్ లెంగ్త్ ఉంటాయి (అన్నీ అన్ని ఫోటోల్లో ఉండవు). మూలల్లోనో అంచుల మధ్యలోనో ఫిడ్యూషియల్ మార్కులు, అంటే కెమెరాయే వేసే చిన్న గుర్తులు, ఉంటాయి. ఎదురెదురు మార్కుల్ని కలుపుతూ గీతలు గీస్తే అవి కలిసే చోటే ఫోటో కేంద్రం, అది తర్వాత అవసరం పడుతుంది. స్కాన్ చేసినవాళ్లు అందం కోసం అంచులు కత్తిరించేసి ఉంటే, అంచులతో సహా మళ్లీ స్కాన్ చేసి ఇమ్మని అడగండి, మొహమాటపడకండి.

స్కేల్ లెక్క ఇలా. ఫోకల్ లెంగ్త్‌ని నేల నుంచి విమానం ఉన్న ఎత్తుతో భాగించాలి. ఆల్టిమీటరు చూపించేది సముద్ర మట్టం నుంచి ఎత్తు, అందులోంచి ఎడారి నేల ఎత్తు తీసేయడం మర్చిపోకండి. లెన్సు 152 మిల్లీమీటర్లు, ఆల్టిమీటరు 6,500 మీటర్లు, నేల 400 మీటర్లు అనుకుందాం. మిగిలింది 6,100 మీటర్లు, స్కేల్ దాదాపు 1:40,000. అంటే ఫోటోలో ఒక మిల్లీమీటరు నేల మీద 40 మీటర్లు, మొత్తం ఫోటో 9 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు. ఈ ఒక్క లెక్క తెలిస్తే శాటిలైట్ చిత్రంలో ఎంత పెద్ద గుర్తు కోసం వెతకాలో తెలుస్తుంది. లేకపోతే రెండు వందల మీటర్ల గుట్టని రెండు కిలోమీటర్ల గుట్టతో పోల్చి చూస్తూ ఒక పూట గడిచిపోతుంది, నాకు గడిచింది.

తేదీ అన్నిటికన్నా ముఖ్యం. ఫోటోకీ, మీరు పోల్చే చిత్రానికీ మధ్య ఐదేళ్లుంటే ఒక రకం గుర్తులు సరిపోతాయి, అరవై ఏళ్లుంటే వాటిలో సగం కొట్టేయాలి.

గుంట ఏదో గుట్ట ఏదో తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ దీని దగ్గరే బోల్తా పడతారు. మన కళ్లు వెలుతురు పైనుంచి పడుతోందనుకుంటాయి. ఉత్తరార్ధగోళంలో తీసిన ఫోటోని ఉత్తరం పైకి పెట్టి చూస్తే నీడలు పైవైపుకి పడి, దిబ్బలు గుంటల్లా, గుంటలు దిబ్బల్లా తిరగబడి కనిపిస్తాయి. కాబట్టి పని చేసేటప్పుడు నీడలు మీ వైపు పడేలా ఫోటోని తిప్పుకోండి, ఉత్తరం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఉత్తరం తెలియకపోతే అంచులోని గడియారమూ నీడ దిశా కలిపి చూస్తే ఉజ్జాయింపుగా తేలుతుంది. గడియారం స్థానిక సమయంలో ఉందో గ్రీనిచ్ సమయంలో ఉందో ముందు తెలుసుకోవాలి. కర్కట రేఖకి దక్షిణాన వేసవి మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడొచ్చు కూడా, అది గుర్తుంచుకోండి.

పక్క ఫోటో కూడా ఉంటే పని చాలా తేలిక. వరసలో తీసిన ఫోటోలు సాధారణంగా 60 శాతం దాకా ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి స్టీరియోలో, అంటే ఒక్కో కంటితో ఒక్కో ఫోటో చూస్తూ ఎత్తుపల్లాలు తెలిసేలా, చూడొచ్చు. స్టీరియోలో ఎత్తులు ఎక్కువ చేసి కనిపిస్తాయి, మామూలుగా కనపడని చిన్న రాతి గట్టు కూడా లేచి నిలబడుతుంది. ఎడమ ఫోటో కుడివైపు, కుడి ఫోటో ఎడమవైపు పెట్టారంటే మళ్లీ అంతా తిరగబడుతుంది, జాగ్రత్త.

ఇసుక ఏం చేస్తోందో చూడండి

ఇక్కడ తొందరపడొద్దు. ఒక పారదర్శక లేయర్ వేసుకుని ఫోటోని మూడు రంగులుగా విడగొట్టండి: ఖచ్చితంగా కదిలేది, మెల్లగా కదిలేది, కదలనిది. దిబ్బ ఆకారం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

నెలవంక దిబ్బ, అంటే బార్కన్, గట్టి నేల మీద తక్కువ ఇసుకతో ఏర్పడుతుంది. గాలి వచ్చే వైపు మెల్లటి వాలు, గాలిచాటు వైపు 30 నుంచి 34 డిగ్రీల నిట్ట వాలు, కొమ్ములు గాలి పోయే వైపు చూస్తాయి. ఇవి మొత్తంగా ప్రయాణం చేస్తాయి. చిన్నది వేగంగా పోతుంది, పెద్దది మెల్లగా పోతుంది, ఏడాదికి పది ఇరవై మీటర్లు మామూలే. చాడ్‌లోని బొదెలే లోతట్టు ప్రాంతంలో బార్కన్‌లు భూమి మీద అత్యంత వేగంగా కదిలేవాటిలో ఉన్నాయి. ఏడాదికి 15 మీటర్లు అనుకున్నా 40 ఏళ్లలో 600 మీటర్లు. ఇవన్నీ మొదటి రంగు, మారు మాట లేదు.

పొడుగ్గా గీతల్లా పోయే దిబ్బలు నమీబ్‌లోనూ ఆస్ట్రేలియాలోని సింప్సన్ ఎడారిలోనూ ఎక్కువ. ఇవి అడ్డంగా జరగడం తక్కువ, పొడుగునే సాగుతాయి. కాబట్టి దిబ్బ కొసని ఎప్పుడూ పాయింట్‌గా తీసుకోకండి. సింప్సన్‌లో చాలా దిబ్బల పక్కవాలులకి గడ్డీ పొదలూ పట్టేశాయి. అలాంటి చోట రెండు దిబ్బలు వై ఆకారంలో కలిసే చోటు ఏళ్ల తరబడి దాదాపు అక్కడే ఉంటుంది. దాన్ని అసలు పాయింట్‌గా వాడను కానీ, "ఈ ఫోటో ఎక్కడిది" అని తెలుసుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు, ఆ వై గుర్తుల అమరిక వేలిముద్రలాంటిది.

నక్షత్ర దిబ్బలు గాలి పలు దిక్కుల నుంచి వీచే చోట ఏర్పడతాయి. అల్జీరియా తూర్పు ఇసుక సముద్రంలో, చైనాలో బదైన్ జరాన్‌లో, అరేబియాలోని రబ్ అల్ ఖాలీ ఎడారి తూర్పు వైపు ఇవి ఉన్నాయి. అటూ ఇటూ నెట్టుడు సరిసమానం కావడంతో ఇవి ప్రయాణం చేయవు, పైకి పెరుగుతాయి. శిఖరం ఉజ్జాయింపుగా అక్కడే ఉంటుంది, చేతులు మాత్రం వంకర తిరుగుతుంటాయి. రెండో రంగు వేయండి. ఇక ఇంగ్లీషు యు అక్షరంలా ఉండి పొదలు పట్టిన పారాబొలిక్ దిబ్బలు థార్‌లో కనిపిస్తాయి. వాటి కొమ్ములు గాలి వచ్చే వైపు చూస్తాయి, బార్కన్‌కి సరిగ్గా ఉల్టా. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే గాలి దిశ తిరగబడి, తర్వాత చేసే సరిచూపంతా తప్పుతుంది.

మధ్యలో ఒక మాట. లిబియా-4 అని పిలిచే ఇసుక దిబ్బల ప్రాంతాన్ని శాటిలైట్ కెమెరాల వెలుతురు కొలతలు సరిచూసుకోవడానికి వాడతారు, ఎందుకంటే ఏళ్లు గడిచినా దాని ప్రకాశం పెద్దగా మారదు. అదే ఇసుక మీద చోటు కోసం పాయింట్ పెట్టమంటే మాత్రం నేను పెట్టను.

ఇప్పుడు దిబ్బల మధ్య ఖాళీల్లోకి దిగండి

అసలు వేట ఇక్కడే. దిబ్బల నడుమ ఇసుక పలచబడిన చోట్ల కింద ఉన్న నేల బయటపడుతుంది.

అన్నిటికన్నా నమ్మదగినది రాయి. బండ కనిపిస్తే గుట్ట మొత్తాన్ని ఒక చుక్కగా తీసుకోవద్దు, దాని మీద రెండు పగుళ్లు ఖండించుకునే చోటో, రంగు ఒక్కసారిగా మారే మూలో వెతకండి. గుట్ట అడుగుని కూడా నమ్మకండి. గాలి ఇసుకని గుట్ట పాదం మీదికి ఎక్కిస్తుంది, ఇంకో ఏడు దించుతుంది, రాయీ ఇసుకా కలిసే గీత ఏటేటా మారుతుంది. నల్లగా కనిపించిందల్లా రాయి కాదు. తడి నేల, పొదలు, బరువు ఖనిజాల నల్ల ఇసుక, మేఘం నీడ, ఇవన్నీ అచ్చం బండలాగే మోసం చేస్తాయి. మేఘం నీడని పట్టుకోవడం సులువు, పక్క ఫోటోలో అది జరిగి ఉంటుంది. మిగతావాటికి స్టీరియోనే దారి.

ఎండిన వాగులు మంచివే, కాకపోతే ఇసుకలో పారిన వాగు ఒక్క వరదకి దారి మార్చుకుంటుంది. రాతిని కోసుకుంటూ పోయిన వాగు మలుపునో, రెండు వాగులు రాతి నేలలో కలిసే చోటునో తీసుకోండి. బంకమట్టి మడుగులు ఎండిపోయి తెల్లటి పళ్లేల్లా కనిపిస్తాయి. నమీబ్‌లోని డెడ్‌వ్లై అలాంటిదే, అక్కడ వందల ఏళ్ల కిందట చచ్చిన చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. పళ్లెం అంచులో దిబ్బ వైపున్న భాగం మారుతుంది, రాయి వైపున్న భాగం ఉంటుంది. ఉప్పు పేరుకున్న చవిటిపర్రల జోలికి మాత్రం పోకండి. నీళ్లు చేరితే ఒక ఆకారం, ఎండితే ఇంకో ఆకారం, నెల తేడాలోనే గుర్తుపట్టలేనంత మారిపోతాయి.

గులకరాళ్లు పరుచుకున్న గట్టి నేల ఉంటే అదృష్టమే. ఆ నేల మీద పడిన చక్రాల జాడలు తరాలు నిలుస్తాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటి బండ్ల జాడలు ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే మామూలు దారి మీద పాయింట్ పెట్టడం కష్టం. ఒక జాడ గుంటపడగానే డ్రైవర్లు పక్కనుంచి ఇంకోటి వేస్తారు, చివరికి అది జడ విప్పినట్టు వంద మీటర్ల వెడల్పున విచ్చుకుంటుంది. చమురు వెతుకులాటకి గీసిన సైస్మిక్ లైన్లు వేరు. అవి రూలుకర్రతో గీసినట్టు ఉండి ఒకదాన్నొకటి అడ్డంగా ఖండించుకుంటాయి, ఆ ఖండన చుక్క దొరికితే చాలా బాగా పని చేస్తుంది. ఫోటో తీసేనాటికి ఆ లైన్ ఉండి ఉండాలి, అంతే.

మనిషి కట్టినవాటిలో నాకు బాగా ఇష్టమైనవి భూగర్భ కాలువల బావులు. ఇరాన్‌లో కనాత్ అంటారు, అల్జీరియాలో ఫొగ్గారా. భూమి లోపల తవ్విన కాలువ పొడవునా పైకి బావులు తోడి, తీసిన మట్టిని చుట్టూ పోశారు. పైనుంచి చూస్తే చిన్న చిన్న వలయాల దండలా ఉంటుంది. వరసలో ఎన్నో వలయాన్ని తీసుకున్నారో రెండు చిత్రాల్లోనూ లెక్కపెట్టండి, ఒకటి అటూ ఇటూ అయితే పదుల మీటర్లు తేడా వస్తుంది. ఈమధ్య కాలం ఫోటోలైతే గుండ్రటి పొలాల కేంద్రాలు బ్రహ్మాండమైన పాయింట్లు, లిబియాలోని కుఫ్రాలో ఒక్కో వలయం దాదాపు కిలోమీటరు అడ్డంగా ఉంటుంది, నీళ్లు చల్లే గొట్టం తిరిగే ఇరుసు సరిగ్గా నడిమధ్యన. కోటలు, రాళ్ల కుప్పలు, బావులు కూడా పనికొస్తాయి. విమానాల రన్‌వే కొసని తీసుకునే ముందు దాన్ని తర్వాత పొడిగించారేమో చూడండి.

ఒంటరి చెట్టుని నమ్మొచ్చా? నైజర్‌లో టెనెరె చెట్టు అని ఒక తుమ్మజాతి చెట్టుండేది, చుట్టూ ఎంతో దూరం వరకు ఇంకో చెట్టు లేదు, చిన్న స్కేలు మ్యాపుల్లో కూడా దాన్ని చూపించేవాళ్లు. 1973లో ఒక లారీ దాన్ని గుద్ది పడేసింది. ఇప్పుడక్కడ ఉన్నది లోహంతో చేసిన చెట్టు. ఎడారి అంతటిలో ఉన్న ఒక్క చెట్టునీ ఎలా గుద్దాడా అని నవ్వొస్తుంది కానీ, మనకి పాఠం ఏంటంటే గుర్తు ఎంత పేరున్నదైనా తేదీ చూడాల్సిందే.

దీనికి ఎదురు ఉదాహరణ నమీబియా తీరంలో ఉంది. ఎడ్వర్డ్ బోలెన్ అనే ఓడ 1909లో అక్కడ ఒడ్డుకి తగులుకుంది. ఇప్పుడు అది సముద్రానికి సుమారు 400 మీటర్ల దూరంలో ఇసుకలో పడి ఉంది. ఓడ నడిచి రాలేదు, ఒడ్డే జరిగింది. ఆ తీరం ఫోటోలు చేస్తున్నవాళ్లు తీరరేఖ మీద పాయింట్లు పెట్టి ఓడని వదిలేస్తే పని మొత్తం తలకిందులు. రబ్ అల్ ఖాలీలోని వబార్ ఉల్కా గుంటల కథ ఇంకోలా ఉంటుంది. 1932లో ఫిల్బీ అనే బ్రిటిష్ యాత్రికుడు చూసినప్పుడు పెద్ద గుంట లోతు సుమారు 12 మీటర్లు, 1961 నాటికి 8 మీటర్లు, 1982కల్లా దాదాపు పూడిపోయింది. చోటు మారలేదు, కానీ కనిపించడం మానేసింది. ఇలాంటి గుర్తులు పాత ఫోటోలో స్పష్టంగా ఉంటాయి, కొత్త చిత్రంలో ఎంత వెతికినా దొరకవు.

తేదీల నిచ్చెన వేసుకోండి

1955 ఫోటో నుంచి ఇప్పటి చిత్రానికి ఒకే గెంతు గెంతితే పక్కనున్న దిబ్బని అదే దిబ్బ అనుకునే ప్రమాదం ఎక్కువ. మధ్యలో మెట్లు వేసుకోండి. 1960 నుంచి 1972 దాకా తీసిన కరోనా అనే అమెరికా గూఢచారి శాటిలైట్ ఫోటోల్ని 1995లో బయటపెట్టారు, చివరి కెమెరాల ఫోటోల్లో రెండు మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది. అవి పనోరమిక్ కెమెరాతో తీసినవి, అంచుల వైపు బాగా సాగిపోయి ఉంటాయి కాబట్టి వాటి మీద కొలతలు తీయకండి, గుర్తు అప్పుడు ఉందా లేదా చూడటానికి వాడండి. 1972 నుంచి ల్యాండ్‌శాట్ శాటిలైట్ల చిత్రాలు ఉన్నాయి, మొదట్లో పిక్సెల్ సుమారు 80 మీటర్లు, 1980ల నుంచి 30 మీటర్లు. 2015 నుంచి సెంటినెల్-2 శాటిలైట్ల చిత్రం పది మీటర్ల పిక్సెల్‌తో కొద్ది రోజులకోసారి వస్తోంది. ఎడారిలో మేఘాలు తక్కువ కావడం మన అదృష్టం.

మీరు ఎంచుకున్న ప్రతి గుర్తునీ ఈ నిచ్చెన మీద ఒక్కో మెట్టు దించుకుంటూ రండి. ఒక మెట్టు మీద కనబడకపోయినా ఫర్వాలేదు, ఇసుక కప్పి ఉండొచ్చు. ఒక మెట్టు మీద వేరే చోట కనిపిస్తే మాత్రం అది రాయి కాదు, కొట్టేయండి.

పాత మ్యాపు నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటున్నారా, మ్యాపు మూలలో డేటమ్ (అక్షాంశ రేఖాంశాల్ని ఏ ఆధారం నుంచి లెక్కకట్టారో చెప్పే పేరు) ఏం రాసుందో చూడండి. అల్జీరియా మ్యాపుల మీద నార్డ్ సహారా 1959, సూడాన్‌వి అయితే అదిందాన్, సౌదీవైతే ఐన్ ఎల్ అబ్ద్ కనిపిస్తుంటాయి. వీటినీ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84నీ ఒకటే అనుకుంటే పాయింట్లన్నీ కట్టకట్టుకుని వంద మీటర్లకి పైగా ఒక పక్కకి పోవచ్చు, పైన చెప్పిన నా దిబ్బల్లాగే ఎర్రర్ మాత్రం అందంగా కనిపిస్తుంది.

చుక్క సరిగ్గా ఎక్కడ పెట్టాలి

గుర్తు దొరికింది. దాని మీద ఏ పిక్సెల్‌లో క్లిక్ చేయాలన్నది ఇంకో ప్రశ్న. మొదటి నియమం, నీడ అంచు మీద పెట్టకూడదు. పొద్దున తీసిన ఫోటోలో ఒక చోట ఉన్న నీడ అంచు సాయంత్రం ఫోటోలో ఇంకో చోట ఉంటుంది. నేల రంగు మారే గీతని పట్టుకోండి.

రెండోది, ఎత్తైన చోటు మీద పెట్టకుండా ఉండగలిగితే పెట్టకండి. ఏరియల్ ఫోటోలో ఎత్తుగా ఉన్న ప్రతిదీ కేంద్రం నుంచి బయటికి ఒరిగిపోయి కనిపిస్తుంది. ఎంత ఒరుగుతుందో లెక్కకట్టాలంటే కేంద్రం నుంచి దూరాన్ని వస్తువు ఎత్తుతో హెచ్చించి, నేల నుంచి విమానం ఉన్న ఎత్తుతో భాగించాలి. ముందటి ఉదాహరణలోనే, కేంద్రం నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో 150 మీటర్ల నక్షత్ర దిబ్బ శిఖరం ఉందనుకోండి. అది దాదాపు 2 మిల్లీమీటర్లు జరిగి కనిపిస్తుంది, అంటే నేల మీద 80 మీటర్లు! దిబ్బ అసలు కదలకపోయినా ఇంత తప్పు. అందుకే కేంద్రం కనిపెట్టి పెట్టుకోమన్నది. గుట్ట శిఖరమే తీసుకోక తప్పకపోతే ఎత్తు కూడా ఇచ్చి ఆర్థోరెక్టిఫికేషన్, అంటే ఈ ఒరుగుడుని సరిదిద్దడం, చేయాలి. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. ఎత్తుల కోసం వాడే ఎస్ఆర్‌టీఎమ్ డేటా 2000 ఫిబ్రవరిలో అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసింది, పొడి ఇసుక రాడార్‌ని సరిగ్గా తిప్పి పంపదు కాబట్టి ఎడారుల్లో చిల్లులు ఉంటాయి. చిల్లు లేని చోట కూడా అందులో ఉన్నది 2000 నాటి దిబ్బ, మీ ఫోటోలోది కాదు.

ఎన్ని పెట్టాలి, ఎలా సరిచూడాలి

ఫోటోని జరిపి, తిప్పి, సమంగా సాగదీసే అఫైన్ సర్దుబాటుకి కనీసం 3 పాయింట్లు, ఫోటోని వంచి కూడా కూర్చోబెట్టే రెండో డిగ్రీ పాలినోమియల్‌కి 6, మూడో దానికి 10. కనీసంతో ఆగితే తప్పు దాక్కుంటుంది కాబట్టి దానికి రెట్టింపు పెట్టండి. నాలుగు మూలలా, మధ్యలో కూడా ఉండాలి. ఎడారిలో ఇది చెప్పినంత సులువు కాదు, రాళ్లన్నీ ఒకే మూలన ఉంటాయి, మిగతా ఫోటో అంతా ఇసుక. అలాంటప్పుడు పెద్ద డిగ్రీల జోలికి వెళ్లకండి, రాళ్లున్న మూల చక్కగా కూర్చుని అవతలి మూల రబ్బరులా సాగిపోతుంది. మూడు నాలుగు పాయింట్లని లెక్కలో కలపకుండా పక్కన పెట్టి, చివర్లో వాటితో సరిచూడండి. నన్ను పట్టిచ్చిన ఆ మూల గుట్ట అలాంటిదే, కాకపోతే నేను కావాలని పక్కన పెట్టలేదు, మర్చిపోయానంతే.

ఆఖరికి ఎర్రర్ బాణాలు చూడండి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పాయింట్ దగ్గరా తప్పు ఎటువైపు ఎంత ఉందో గీతగా చూపిస్తుంది. గీతలు తలో దిక్కు ఉంటే మామూలు క్లిక్ తప్పులు. కొన్ని పాయింట్ల గీతలు మాత్రం ఒకే వరసలో, మీరు దిబ్బల ఆకారం నుంచి పట్టుకున్న గాలి దిశ వెంబడి ఉన్నాయా, అవి ఇసుక మీద పెట్టిన పాయింట్లు. ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయండి. ఈ చిట్కా ఒక్కటి నాకు ఎంత టెన్షన్ తగ్గించిందో చెప్పలేను.

ఏమీ దొరక్కపోతే

కొన్ని ఫోటోల్లో నిజంగానే ఏమీ ఉండదు, అంచు నుంచి అంచు దాకా ఇసుకే. ఒంటరి ఫోటోతో కుస్తీ పట్టకండి. అదే రోజు అదే విమానం తీసిన మొత్తం వరస తెప్పించుకోండి. ఇక్కడ దిబ్బలు పనికొస్తాయి! ఒకదాని వెనక ఒకటి నిమిషంలోపు తీసిన రెండు ఫోటోల మధ్య దిబ్బ ఎక్కడికీ పోదు కాబట్టి, కొమ్ము కొసలూ శిఖరాలూ టై పాయింట్లుగా, అంటే ఫోటోని ఫోటోతో కలిపే గుర్తులుగా, బంగారంలా పని చేస్తాయి. ఫోటోల్ని వాటితో ఒకదానికొకటి కుట్టేసి, వరస మొదట్లోనో చివర్లోనో ఉన్న రాతి నేల నుంచి అసలు కో-ఆర్డినేట్లు తెచ్చి, బండిల్ ఎడ్జస్ట్‌మెంట్‌తో, అంటే వరసలోని ఫోటోలన్నిటినీ ఒకేసారి సర్దే లెక్కతో, మధ్యలోని ఖాళీ ఫోటోలకి అందించొచ్చు. పక్క వరసని మధ్యాహ్నం తర్వాత తీసి ఉంటే నీడలు మారిపోయి ఉంటాయి, ఆటోమేటిక్ మ్యాచింగ్ తికమకపడుతుంది. ఇసుక అలలన్నీ ఒకేలా ఉండటం దానికి ఎలాగూ కష్టమే, ఆ వరసల మధ్య టై పాయింట్లు చేత్తో పెట్టుకోవడం మేలు.

మీరే డ్రోన్‌తో తీస్తున్నట్టయితే ఈ తిప్పలేవీ అక్కర్లేదు, గుర్తులు మీరే పరుచుకోవచ్చు. తెల్ల బోర్డు వేయకండి, ఎండలో మెరిసే ఇసుకలో కలిసిపోతుంది. నలుపు, లేదా నలుపూ నారింజా కలిపిన గళ్లు బాగా తెలుస్తాయి. పిక్సెల్ 3 సెంటీమీటర్లయితే బోర్డు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. బోర్డు మీద బరువు పెట్టండి, జీపీఎస్ కొలత అయిన వెంటనే డ్రోన్‌ని ఎగరేయండి. రేపు చూద్దాంలే అని వదిలేస్తే గాలి రాత్రికి రాత్రి సగం బోర్డుని పూడ్చేస్తుంది, అప్పుడు మీరు కొలిచిన నడిమధ్య చుక్క ఫోటోలో నడిమధ్యన ఉండదు.

పాయింట్ల ఫైలులో అంకెలు మాత్రమే దాచుకోవడం ఇంకో పొరపాటు. ప్రతి పాయింట్‌కీ పాత ఫోటో ముక్క ఒకటి, కొత్త చిత్రం ముక్క ఒకటి, రెంటి తేదీలు, "బండ మీద రెండు పగుళ్లు కలిసే చోటు, వాయవ్య మూల" లాంటి ఒక వాక్యం రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ తెరిస్తే, ఆ పిక్సెల్ మీద ఎందుకు క్లిక్ చేశారో మీకే గుర్తుండదు.